జానెడు మెరక

దస్తూరి బాగుంటుందని పేరు రావడం వల్ల ప్రసన్నకి అప్పటిదాకా ఏ ఇబ్బందీ కలగలేదు. పెళ్ళి కార్డుల మీద పేర్లు రాసింది. డ్వాక్రా గ్రూపు తీర్మానాలు రాసింది. బడి గోడ మీద పెద్దక్షరాలతో పాఠశాల నియమాలు రాసింది. రాస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి ఆ పనంటే ఇష్టం కూడా. అందుకే గురువారం సాయంత్రం తాతాజీ నాలుగు తెల్లకాయితాలూ, కొత్త పెన్నూ పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంటే, ఇదీ అలాంటిదే అనుకుంది.

"ఏమే కోడలుపిల్లా, ఇలా రా. నీతో పనుంది."

తాతాజీ ప్రసన్న తల్లి మంగాదేవికి వరసకి అన్న. పడమటి వైపు రెండిళ్ళ అవతల ఆయన డాబా. వీళ్ళుండే బోదె వీధిలో ట్రాక్టరున్నది ఆయనకొక్కడికే. ప్రసన్న వాళ్ళ నాన్న కృష్ణబాబు రెండెకరాల చేను ఏటా నాట్లకి ముందు దమ్ము చేసేది ఆ ట్రాక్టరే.

"పంచాయతీ కార్యదర్శి గారికి అర్జీ. సోమవారం ఇవ్వాలి. రాయి. 'ఆర్యా' అని మొదలెట్టు."

"ఇప్పుడున్నది ఆడావిడండి, అన్నయ్యగారూ," అంది మంగాదేవి గుమ్మంలోంచి, బియ్యం చేట పట్టుకుని.

"అయితే 'గౌరవనీయులైన' అని రాయి. ఎవరైనా సరిపోతుంది."

విషయం వీధంతటికీ తెలిసిందే. వీళ్ళ ఇంటికి తూర్పున ఆనుకుని వెంకటనరసమ్మది పది సెంట్ల స్థలం. ముందు పెంకుటిల్లు, వెనక సగం ఖాళీ. ఆ ఖాళీని రెండున్నర సెంట్ల లెక్కన రెండు ముక్కలు చేసి ఆవిడ అమ్మకానికి పెట్టింది. ఒక ముక్క కోటేశ్వరరావు, గంగారత్నం అనే భార్యాభర్తలు తీసుకున్నారు. చేపల చెరువు మీద కాపలా, మేత పని వాళ్ళది. గట్టు మీద రేకుల షెడ్డులో కాపురం. ఆ చెరువు ఇప్పుడు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. కొత్తవాళ్ళు కొల్లేరు అవతల నుంచి తమ మనుషుల్ని తెచ్చుకుంటున్నారు. ఆషాఢం వెళ్ళేలోగా షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. పంచాయతీ వాళ్ళు ప్లాను ఇస్తే ఆ రెండున్నర సెంట్లలో రెండు గదులైనా లేపుకోవచ్చని వాళ్ళ తాపత్రయం.

తాతాజీ వేళ్ళు మడిచి చెప్పుకుంటూ పోయాడు. ఒకటి, నీళ్ళు. ఆ స్థలం మెరక చేస్తే తూర్పు నుంచి వచ్చే వాననీరంతా కృష్ణబాబు గారి ఇంట్లోకి వచ్చును. పోయిన శ్రావణంలో రెండుసార్లు ఇప్పటికే వచ్చినది. రెండు, వెనక స్థలానికి పోయే ఆరడుగుల సందులో అంబులెన్సు పట్టదు. మూడు, రెండున్నర సెంట్లలో మరుగుదొడ్డి గొయ్యి తీస్తే పక్క బోరు పాడవును.

"నాలుగు," అని తాతాజీ గొంతు సవరించుకున్నాడు. "ఆ గట్టు మీద జనం వస్తే వీధి వీధిలా ఉండదు. ఇది నువ్వు మంచి భాషలో రాయమ్మా. నీకు తెలుసుగా."

ప్రసన్న పెన్ను ఆగింది. తలెత్తకుండా తల్లి వైపు కళ్ళు తిప్పింది. మంగాదేవి చేటలో మట్టిగడ్డలు ఏరుతోంది. ప్రసన్న కాసేపాలోచించి, 'చెరువుల మీద పనిచేయు కుటుంబములు వచ్చి చేరినచో వీధి వాతావరణము దెబ్బతినును' అని రాసింది.

తాతాజీ రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆఁ! ఆ 'తినును' అన్నావు చూడూ, అక్కడుంది!"

గోడ అవతల నుంచి వెంకటనరసమ్మ తల కనిపించింది. మునక్కాడలు కోస్తున్నట్టుంది, చేతిలో దోటి ఉంది.

"ఏం తాతాజీ, నా స్థలం నేను అమ్ముకుంటే నీకు కడుపునొప్పేంటి?"

"నొప్పి నాకు కాదు పెద్దమ్మా, వీధికి. మన వీధిలో ఐదు సెంట్లకి తక్కువ ఇల్లుందా?"

"ఆ ఐదేసి సెంట్లు ఎక్కణ్ణించి వచ్చాయిట? మా మావగారు ఎకరం చేను ముక్కలు చేసి అమ్మితే మీ నాన్న కొనుక్కున్నాడు. గుర్తుందా?"

"అప్పుడది చేను పెద్దమ్మా. ఇప్పుడిది వీధి."

వెంకటనరసమ్మ దోటితో ఒక కాడ లాగి, అది పడ్డ చోటికి వెళ్ళిపోయింది.

చీకటి పడేలోపు ఎనిమిదిళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. నీళ్ళొచ్చేది వాళ్ళింట్లోకే కాబట్టి మొదటి సంతకం కృష్ణబాబుది. సంతకం పెట్టాక ఆయన పెన్ను మూత రెండు మూడుసార్లు తీసి పెట్టి, కూతురికిచ్చాడు.

"మిగతా గొడవలు నాకు తెలియవు గానీ, నీళ్ళు మాత్రం నిజం," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు.

నిజమే. పోయిన శ్రావణంలో మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకున్నారు. మంగాదేవి ఇప్పటికీ బియ్యం డబ్బా నేల మీద పెట్టదు.

*

శనివారం పొద్దున కృష్ణబాబు నారుమడికి వెళ్ళాక కోటేశ్వరరావు వచ్చాడు. నలభై దాటిన మనిషి. తవుడు సంచులు మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి దిగింది. చేతిలో చుట్ట చుట్టిన ప్లాస్టిక్ ట్యూబు, తెల్లగా, లోపలిది కనిపించేటట్టు. గేటు బయటే ఆగాడు.

"అమ్మగారూ, నేనండి, కోటేశ్వరరావుని. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఓసారి చూపిస్తారా?"

మంగాదేవి గుమ్మంలోకి వచ్చింది. "ఆయన లేరయ్యా."

"ఆయనతో పని లేదండి. గోడతో పని. నేను కట్టుకునేదీ ఆ నీళ్ళ పక్కనే కదా. ముంపులో కట్టుకుంటే నేనూ మునుగుతాను."

కాదనడానికి అందులో ఏమీ దొరకలేదు. మంగాదేవి వసారా స్తంభం మీద మరక చూపించింది. కోటేశ్వరరావు ట్యూబులో నీళ్ళు పోసి, చివర్లు రెండూ పక్కపక్కన పట్టుకుని, వేలితో టకటకా కొడుతూ చూశాడు.

"గాలిబుడగ ఒక్కటున్నా ఇది అబద్ధం చెబుతుందండి. చెరువు తవ్వేటప్పుడు మా పనంతా దీంతోనే. ఒక చివర పట్టుకోడానికి మనిషి కావాలి. మా ఆవిడ చేపలకి మేత వెయ్యడానికి వెళ్ళింది."

మంగాదేవి కూతురి వైపు చూసింది. ప్రసన్న వచ్చి పట్టుకుంది.

పని తేలికే. ఆమె స్తంభం దగ్గర నిలబడి ట్యూబు చివర, మరక మీద అతను పెట్టిన సుద్దగీతకి ఆనించి పట్టుకోవాలి. కోటేశ్వరరావు రెండో చివర బొటనవేలితో మూసుకుని వెళ్ళి, కావలసిన చోట వేలు తీసి, నీళ్ళు ఆమె గీత మీదికి వచ్చేదాకా పైకీ కిందికీ జరుపుతాడు. గీత మీదికి రాగానే ఆమె చెప్పాలి. అప్పుడతను అక్కణ్ణించి నేల దాకా టేపుతో కొలుస్తాడు.

"వచ్చిందామ్మా?"

ప్రసన్న తల ఊపింది.

"తల ఊపితే నాకు గోడ అవతలికి కనపడదు తల్లీ. నోటితో చెప్పాలి."

"వచ్చిందండి."

మొదట నరసమ్మ గారి ఖాళీ స్థలం కొలిచాడు. తరవాత వీధి కాలవ. ఒక చోట కొలిచాక అక్కడ గోడ మీద గీత పెట్టి, ఆమెను ఆ గీత దగ్గరికి జరిపి, తను ముందుకి వెళ్ళేవాడు. అలా పడమట వీధి చివర, కాలవ కలిసే మురుగుకోడు తూము దాకా వెళ్ళారు. బళ్ళు లోపలికి ఎక్కడానికి ప్రతి ఇంటి ముందూ కాలవ మీద సిమెంటు ర్యాంపు ఉంది. కింద నీళ్ళు పోవడానికి గొట్టం వేశారు. కోటేశ్వరరావు ఒక్కో ర్యాంపు దగ్గరా గొంతుక్కూర్చుని, గొట్టంలో చెయ్యి పెట్టి అడుగు తడిమి, అక్కణ్ణించి కొలిచేవాడు.

ప్రసన్న వాళ్ళ ర్యాంపు దగ్గర గొట్టం అడుగు కాలవ అడుగు కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో ఉంది. తాతాజీ ర్యాంపు దగ్గర రెండుసార్లు కొలిచాడు. మూడోసారి జానతో కొలిచాడు.

"జానెడు మెరక," అన్నాడు లోగొంతులో.

తిరిగొచ్చాక మంగాదేవి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, సుద్దముక్కతో అరుగు మీద గీసి చూపించాడు. "వీధి నీరు పడమరగా కోడులోకి దిగాలండి. జానెడెత్తున గొట్టం అడ్డుంటే దిగదు. వెనక్కి కొడుతుంది. మీది పల్లం కాబట్టి మీ గుమ్మం ఎక్కుతుంది. మిగిలిన నీళ్ళు నరసమ్మ గారి ఖాళీలోకి పోతున్నాయి. అది మీకంటే పల్లం. ఇన్నేళ్ళూ వీధి నీళ్ళు ఆ స్థలమే తాగింది."

"అయితే మీరు దాన్ని మెరక చేస్తే?" అంది మంగాదేవి.

కోటేశ్వరరావు ట్యూబులో నీళ్ళు మొక్కల్లో పోశాడు.

"చేస్తే మీ ఇంట్లోకి ఇంకా ఎక్కువ వస్తాయండి. కాలవ ఇలాగే ఉంటే. అబద్ధం చెప్పను."

ట్యూబు చుట్టుకుంటూ లేవబోతుంటే, అరుగు మీద అట్ట కింద పెట్టిన అర్జీ గాలికి రెపరెపలాడి బయటికి జరిగింది. కింద పడకుండా కోటేశ్వరరావు పట్టుకున్నాడు. చేతిలోకొచ్చింది కాబట్టి చదివాడు. పెదాలు కదుపుతూ, నెమ్మదిగా, చివరిదాకా. తరవాత కాయితం అట్ట కింద పెట్టి, మడత సరిచేసి, పైన సుద్దముక్క బరువు పెట్టాడు.

"ఎవరు రాశారమ్మా?"

ప్రసన్న వేళ్ళకంటిన సుద్ద దులుపుకుంది.

"దస్తూరి ముత్యాల్లా ఉంది," అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

*

మంగాదేవి మధ్యాహ్నం అన్నం దగ్గర అంతా చెప్పింది. కృష్ణబాబు పప్పులో మాగాయ ముక్క కలుపుకుంటూ విన్నాడు.

"జానెడా?"

"జానెడేనట. అమ్మాయి కూడా చూసింది."

"ఇంకో పది రోజుల్లో దమ్ము చెయ్యాలి," అన్నాడాయన. "బావగారి దగ్గరికెళ్ళి మీ ర్యాంపు తవ్వెయ్యండి అనమంటావా? పోయినేడు రాజుల కోడు వైపు వాళ్ళు ట్రాక్టరు దొరక్క ముదురు నారు ఊడ్చుకున్నారు. చూశావుగా."

"నేనేమీ అనమనలేదు. ఉన్నది చెప్పాను."

"ఉన్నది నాకూ తెలిసిందిగా. ఇక చాలు."

ఆదివారమంతా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రాత్రి అన్నాలప్పుడు కృష్ణబాబు, ఇంజనుకి వాషరు కావాలి, పొద్దున్నే తాడేపల్లిగూడెం వెళ్తున్నానన్నాడు.

"వాషరు కైకలూరులో దొరకదా?" అంది మంగాదేవి.

"దొరకదు."

"కలిదిండిలో కూడానా?"

"దొరకదన్నాను కదా."

ప్రసన్నకి తెలుసు, మొన్న వేసవిలో అదే వాషరు కలిదిండికి సైకిలు మీద వెళ్ళి తనే తెచ్చింది.

*

సోమవారం గ్రామ సచివాలయానికి ఆరుగురు వెళ్ళారు. తాతాజీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రాసిన పిల్లే చదవాలని ఆయన పట్టు. తల్లి తోడు రాకపోతే రానని ప్రసన్న చెప్పించింది. గది బయట బెంచీ మీద గంగారత్నం కూర్చుని ఉంది, ఒళ్ళో ప్లాను కాయితాల కవరు పెట్టుకుని. వీళ్ళని చూసి లేచి నిలబడింది. ఎవరూ పలకరించలేదు. మళ్ళీ కూర్చుంది.

కార్యదర్శి గారు ముప్పయ్యేళ్ళ లోపు మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని, "చదువమ్మా," అంది.

ప్రసన్న చదవడం మొదలెట్టింది.

"కాస్త గట్టిగా."

ఇంకాస్త గొంతు పెంచింది. మొదటి అంశం పూర్తికాగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఈ కృష్ణబాబు గారెవరు?"

"ఊళ్ళో లేడండి," అన్నాడు తాతాజీ. "వాళ్ళమ్మాయే ఇది. ఆవిడ వాళ్ళావిడ."

"పోయిన సంవత్సరం ఇంట్లోకి నీళ్ళొచ్చాయా?"

"వచ్చాయండి, రెండుసార్లు. మోకాలి లోతు."

"మిమ్మల్ని కాదండి." ఆవిడ ప్రసన్న వైపు తిరిగింది. "ఎటు నుంచి వచ్చాయమ్మా?"

ప్రసన్న కాయితం కేసి చూసింది. 'తూర్పు నుంచి' అని ఉంది. 'తూ' కొమ్ము చక్కగా వంపు తిరిగి ఉంది. పక్కన తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. తలుపు అవతల బెంచీ కిర్రుమంది.

"పడమర నుంచండి."

"కాయితంలో తూర్పు అని ఉందే?"

"నేనే రాశానండి. అప్పటికి కొలవలేదు."

"ఏం కొలవలేదు?"

అక్కణ్ణించి చెప్పడం అనుకున్నంత కష్టమనిపించలేదు. గీత దగ్గరికి నీళ్ళు వచ్చాయా లేదా చెప్పినట్టే చెప్పింది. మా ర్యాంపు దగ్గర నాలుగు వేళ్ళండి. మావయ్య గారి ర్యాంపు దగ్గర జానెడండి. కోడు తూము దగ్గర మళ్ళీ పల్లమేనండి. ఆ స్థలం మెరక చేస్తే నీళ్ళు మాకు ఇంకా ఎక్కువ వస్తాయండి, కాలవ బాగుచెయ్యకపోతే.

తాతాజీ నవ్వాడు. "చిన్నపిల్లండి, దానికేం తెలుసు. ఎవరో చెప్పించి ఉంటారు."

"ట్యూబు పట్టుకున్నది అదేనండి అన్నయ్యగారూ," అంది మంగాదేవి. "మా గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి."

కార్యదర్శి గారు చెయ్యి చాపింది. ప్రసన్న అర్జీ ఇచ్చింది. మిగతాది ఆవిడే మనసులో చదువుకుంది. నాలుగో అంశం దగ్గర కళ్ళు ఆగాయి.

"ఇది కూడా నువ్వే రాశావా?"

"అవునండి."

ఆవిడ కాయితం మడిచి ఫైల్లో పెట్టింది. "రేపు పొద్దున వచ్చి చూస్తాను. నీళ్ళ సంగతే నేను చూడగలిగేది. మిగతావి నాకు సంబంధం లేదు."

మెట్లు దిగుతుంటే తాతాజీ చెప్పులు వెతుక్కుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "నాట్లు దగ్గరకొచ్చాయి మంగా. మీ ఆయనకి గుర్తుచెయ్యి."

*

సాయంత్రం బస్సుకి కృష్ణబాబు దిగాడు. జేబులోంచి వాషరు తీసి గూట్లో పెట్టాడు. సంగతి అప్పటికే వీధి మొగలో విన్నట్టుంది. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాడు. ప్రసన్న వంటింటి తలుపు వెనక నిలబడింది.

"మనది ఎంతన్నాడు?" అనడిగాడు.

ఎవర్నడిగాడో ఇద్దరికీ తెలియలేదు. "నాలుగు వేళ్ళు," అంది ప్రసన్న తలుపు వెనక నుంచే.

ఆయన ఊఁ అన్నాడు. అంతే.

మంగళవారం తెల్లవారగానే గునపం చప్పుడుకి ప్రసన్నకి మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే కృష్ణబాబు లుంగీ ఎగ్గట్టి తమ ర్యాంపు పగలగొడుతున్నాడు. మోటారు సైకిలు రాత్రే వీధిలో పెట్టినట్టున్నాడు. గొట్టం చుట్టూ సిమెంటు గట్టిది. ఒక్కో పెళ్ళ ఊడడానికి పది పోట్లు పడుతున్నాయి. పోటుకోసారి 'హఁ' అంటున్నాడు. ఎదురింటివాళ్ళు పళ్ళు తోముకుంటూ నిలబడి చూస్తున్నారు. ఎనిమిదింటికి గొట్టం బయటపడింది. ఆయన దాన్ని పక్కకి దొర్లించి, పారతో కాలవ అడుగు నాలుగు వేళ్ళూ దించాడు.

కార్యదర్శి గారు పదింటికి స్కూటీ మీద వచ్చింది. వెంకటనరసమ్మ, కోటేశ్వరరావు, గంగారత్నం గోడ పక్కన నిలబడ్డారు. తాతాజీ తన అరుగు మీంచి దిగలేదు. ఆవిడ గోడల మీది సుద్దగీతలు చూసింది, తవ్విన కాలవ చూసింది.

"రెండు బిందెల నీళ్ళు పోయండి."

మంగాదేవి బోరు కొట్టింది, ప్రసన్న మోసింది. రెండు చాల్లేదు. ఐదు పోశారు. నీళ్ళు మట్టిరంగులో నురగ కట్టుకుంటూ వాళ్ళ ఇల్లు దాటాయి, పక్క రెండిళ్ళూ దాటాయి, తాతాజీ ర్యాంపు దాకా వెళ్ళి ఆగాయి. కొంతసేపు నిలబడ్డాయి. ఒక ఎండాకు గొట్టం మూతికి తగిలి, గుండ్రంగా తిరిగి, మెల్లగా వెనక్కి బయల్దేరింది.

అందరూ ఆ ఆకునే చూశారు.

కార్యదర్శి గారు పుస్తకంలో రాసుకుంది. కాలవ మీద ర్యాంపులన్నీ తీసి, కావలసినవాళ్ళు ఎత్తి పెట్టుకునే పలకలు వేసుకోవాలి. దానికి అందరికీ నోటీసు వస్తుంది. కాలవ తెరుచుకున్నాక కొత్త స్థలం మెరక చెయ్యాలి, అది రోడ్డు మట్టానికి మించకూడదు. అలాగైతే ప్లాను ఇవ్వడానికి తనకి అభ్యంతరం లేదు. గంగారత్నం అది రెండోసారి చెప్పించుకుంది.

కార్యదర్శి గారు వెళ్ళాక తాతాజీ వచ్చాడు. కాలవ అంచున నిలబడి, పగిలిన సిమెంటు కేసి చూశాడు.

"ఏం బావా, సొంత గుమ్మం నువ్వే పగలగొట్టుకున్నావా?"

"నాలుగు వేళ్ళు అడ్డుందండి."

"దమ్ముకి వేరే బండి చూసుకో అయితే."

కృష్ణబాబు గునపం నేలకి ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. "సరేనండి బావగారూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. దిగులు మాత్రం ఉంది. నారు అప్పటికే జానెడు దాటింది.

తాతాజీ వెళ్ళబోతూ ప్రసన్న వైపు తిరిగాడు. "తూర్పుకి పడమరకి తేడా బాగా తెలిసింది నీకు, కోడలుపిల్లా."

ఇదివరకైతే తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. చేతినిండా సిమెంటు పెళ్ళలున్నాయి, వెళ్ళడానికి వీల్లేదు. "అవునండి మావయ్యా," అని, పెళ్ళలు తట్టలో వేసింది.

అందరూ తలో దారీ పట్టాక గంగారత్నం కాలవ దాటి ఇటు వచ్చింది. కుప్పలోంచి ఒక పెళ్ళ తీసి బరువు చూసింది.

"ఇవి పారేస్తారా?"

"పారెయ్యాలండి," అంది ప్రసన్న.

"పారేసేదైతే మా స్థలంలో పోద్దాం. మెరకకి పనికొస్తాయి. మట్టి ఎక్కడ దొరుకుతోంది ఇప్పుడు." తట్ట దగ్గర గొంతుక్కూర్చుని, అక్కడే ఆగింది. "ఆ నాలుగో మాట కూడా చదివావా అమ్మా, అక్కడ?"

"లేదండి. ఆవిడే చదువుకున్నారు."

"రాసింది నువ్వేగా."

"నేనేనండి."

గంగారత్నం ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో ప్రసన్నకి తెలియలేదు. కళ్ళు దించుకోకుండా ఉండడానికి మాత్రం చాలా కష్టపడింది.

"ఆ పక్క పట్టు," అంది గంగారత్నం.

ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని తట్ట ఎత్తారు. ఒకళ్ళు మోసే బరువు కాదది. ప్రసన్న పొట్టి కాబట్టి తట్ట ఆమె వైపు వాలింది. గంగారత్నం చెయ్యి కాస్త కిందికి దించి మట్టం సరిచేసింది. అలాగే నడుచుకుంటూ, నరసమ్మ గారి పెంకుటింటి పక్క సందులోంచి ఆ ఆరడుగుల దారిలో వెనక్కి వెళ్ళారు.